చీకటి గదిలో అడిగిన ప్రశ్న: గోథిక్ మిస్టరీల మీద పాఠకుల ఉత్తరాలు

పోయిన సంచికలో మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండ్‌లో జరిగే గోథిక్ మిస్టరీల గురించి, అంటే భయం, రహస్యం కలిసిన చీకటి కథల గురించి రాశాను. పాత బంగళా, యుద్ధంలో పోయిన కొడుకు, చనిపోయినవాళ్లతో మాట్లాడిస్తానంటూ వచ్చే మీడియం, ఆ తర్వాత ఒక అనుమానాస్పద మరణం. ఈ నాలుగూ ఉన్న కథ దొరికితే నాకు నిద్ర పట్టదు. మీలోనూ చాలామందికి అంతేనని ఉత్తరాలు చూస్తే తెలిసింది. అన్నీ వేయడానికి చోటు చాలదు కాబట్టి ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాను.

ప్రశ్న: మేడమ్, నేనొక నవల మొదలుపెట్టాను. కాలం 1919. ఇంగ్లండ్‌లో ఒక పెద్ద ఇల్లు. ఆ ఇంటి యజమాని పేరున్న సైంటిస్టు. కొడుకు యుద్ధంలో పోయాడు. భార్యాభర్తలిద్దరూ మీడియం మాటలు నమ్ముతారు. మొదటి అధ్యాయాలు చదివిన స్నేహితులు "సైంటిస్టు ఇలాంటివి నమ్మడమేంటి, కథ అక్కడే తేలిపోయింది" అంటున్నారు. ఆ పాత్రను మార్చేయమంటారా? ఇంట్లో పనిచేసే వంటామె కొడుకు కూడా సిపాయిగా వెళ్లి చనిపోతాడు. ఇద్దరు తల్లులకూ ఒకేరోజు టెలిగ్రామ్ వస్తుంది. అది నాకిష్టమైన సీను.
(కొత్తగా రాస్తున్న పాఠకురాలు)

జవాబు: సైంటిస్టును అస్సలు మార్చకండి. మీ స్నేహితులకు సర్ ఆలివర్ లాడ్జ్ గురించి చెప్పండి. రేడియో తరంగాల మీద తొలినాళ్లలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీకి మొట్టమొదటి ప్రిన్సిపాల్. ఆయన ఆఖరి కొడుకు రేమండ్ 1915 సెప్టెంబర్ 14న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర చనిపోయాడు. వయసు 26. ఆ నెల తిరక్కుండానే తల్లి మీడియం ముందు కూర్చుంది. 1916లో లాడ్జ్ ఆ సంభాషణలన్నీ చేర్చి కొడుకు పేరుతోనే పుస్తకం వేశారు. యుద్ధం నడుస్తుండగానే అది మళ్లీ మళ్లీ అచ్చయింది.

సైన్స్ తెలిసినా నమ్మాడని మీ స్నేహితులు ఆశ్చర్యపోతున్నారు. నా లెక్కలో లాడ్జ్ నమ్మకంలో ఆయన సైన్స్‌కీ వాటా ఉంది. తీగ లేకుండా, కంటికి కనిపించని తరంగం మీద సంకేతం ఇక్కడి నుంచి అక్కడికి వెళ్తుందని 1894లోనే నలుగురి ముందూ చేసి చూపించిన మనిషి ఆయన. విశ్వమంతా ఈథర్ అనే పదార్థం నిండి ఉందని గట్టిగా నమ్మేవారు. ఆ ఈథర్‌లో సంకేతానికి దారి ఉన్నప్పుడు కొడుకు మనసుకు మాత్రం ఎందుకుండదు? అలా ఆలోచించే తండ్రిని రాయండి, ఎవరూ వంక పెట్టలేరు.

షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ సంగతి చాలామంది ఉత్తరాల్లో ఎత్తారు కాబట్టి అదీ ఇక్కడే చెప్పేస్తాను. కొడుకు పోయిన దుఃఖంలో ఆయన ఆత్మలతో మాట్లాడొచ్చన్న నమ్మకం వైపు తిరిగాడని రాస్తుంటారు. తేదీలు చూస్తే ఆ మాట నిలబడదు. డాయిల్ తన నమ్మకాన్ని బహిరంగంగా ప్రకటించింది 1916లో. కొడుకు కింగ్స్‌లీ పోయింది 1918 అక్టోబర్‌లో. ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో గాయపడ్డాడు, చివరికి ఫ్లూ, న్యుమోనియాతో చనిపోయాడు. నాలుగు నెలలు తిరగకుండానే తమ్ముడు ఇన్నెస్ కూడా పోయాడు. నమ్మకం ముందే ఉంది, దుఃఖం దాన్ని ఆయన బతుకంతా పరుచుకునేలా చేసింది. ఈ వరస మీ పాత్రకూ పనికొస్తుంది.

ఇక మీకిష్టమైన సీను. దాన్ని మార్చాలమ్మా. టెలిగ్రామ్ వచ్చేది ఆఫీసర్ల ఇళ్లకు. మామూలు సిపాయి ఇంటికి పోస్టులో ఒక ఫారం వచ్చేది, దాని నంబర్ బి 104-82. అచ్చువేసిన వాక్యాల మధ్య ఖాళీలుంటాయి. సిపాయి నంబర్, ర్యాంకు, పేరు, రెజిమెంట్, ఎలా పోయాడు అన్నవి రికార్డు ఆఫీసులో గుమాస్తా చేత్తో నింపేవాడు. మనిషి జాడే తెలియకపోతే 104-83 వచ్చేది. అందులో "కనబడటం లేదు" అనే ఉంటుంది. సాధారణంగా ఆరు నెలలు గడిచినా కబురు లేకపోతే ఆఫీసు లెక్కల్లో చనిపోయినట్టు రాసుకునేవారు. కాబట్టి మీ ఇద్దరు తల్లులకూ ఒకే గంటలో కబురు అందదు. పై అంతస్తులో దొరసాని టెలిగ్రామ్ పట్టుకుని కూలబడి ఉంటుంది. వంటింట్లో ఆవిడ మాత్రం ఇంకా ఏమీ తెలియక ఆ రోజు టీ పెట్టి పైకి పంపుతుంది. ఆమె కాగితం తర్వాత వస్తుంది. మీరు అనుకున్నదానికన్నా ఇదే ఎక్కువ కోస్తుంది.

ఇంకొక్క మాట. బ్రిటన్ ప్రభుత్వం సైనికుల శవాలను స్వదేశానికి తేనివ్వలేదు. 1915లోనే ఆ నిషేధం వచ్చింది, యుద్ధం అయ్యాకా ఎత్తేయలేదు. డబ్బున్నవాళ్ల బిడ్డలు ఇంటికొచ్చి, పేదవాళ్ల బిడ్డలు అక్కడే ఉండిపోకూడదన్నది అప్పట్లో చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి. న్యాయమైన కారణమే, కానీ తల్లికి శవపేటిక లేదు, అంత్యక్రియ లేదు. చాలామందికి సమాధి కూడా లేదు. ఫ్రాన్స్‌లో థియెప్వాల్ స్మారకం మీద చెక్కిన 72,000కు పైగా పేర్లు, ఈప్ర్‌లో మెనిన్ గేట్ మీద ఉన్న 54,000కు పైగా పేర్లు అన్నీ సమాధి తెలియనివాళ్లవే. మీ కథలో మీడియం గుమ్మం తొక్కేది ఈ ఖాళీలోంచి. దాన్ని మొదటి అధ్యాయంలోనే పాఠకుడికి తెలిసేలా చేయండి.

ప్రశ్న: ఈ కథల్లో మీడియంకి ఎవరూ చెప్పని విషయాలన్నీ తెలిసిపోతుంటాయి. గొంతులు వినిపిస్తాయి, టేబుల్ కదులుతుంది, గాల్లో బాకా తేలుతుంది. నిజంగా ఇవి ఎలా చేసేవారు? కొంచెం వివరంగా చెప్పండి.
(ఇంజనీరింగ్ చదువుతున్న పాఠకుడు)

జవాబు: ముందు గదిని కళ్లముందుకు తెచ్చుకోండి. సెయాన్స్ అంటే ఆత్మలను పిలవడానికి పెట్టుకున్న కూటం. కిటికీలకు మందపాటి తెరలు. వెలుతురు అసలు ఉండదు, లేదా ఎర్ర గుడ్డ కప్పిన దీపం ఒకటి. ఒక మూలన తెర కట్టిన చిన్న అర, అందులో మీడియం. వచ్చినవాళ్లు గుండ్రంగా కూర్చుని చేతులు పట్టుకుంటారు. అందరూ కలిసి ఒక భక్తిగీతం పాడతారు. ఆ పాట వాతావరణానికి పనికొస్తుంది, తెర వెనక చప్పుళ్లను కప్పేయడానికీ పనికొస్తుంది.

బాకా అంటే పల్చటి అల్యూమినియం రేకు గొట్టం, చాలా తేలిక. దాని చుట్టూ చీకట్లో మెరిసే రంగు పట్టీ ఉంటుంది. చీకట్లో మీకు కనబడేది ఆ మెరిసే వలయం ఒక్కటే, దాన్ని పట్టుకున్న చెయ్యి కనబడదు. చేతులు పట్టుకున్నారు కదా అంటారేమో. ఎడమ పక్కనవాళ్లూ కుడి పక్కనవాళ్లూ తెలియకుండానే మీడియందే ఒక చెయ్యి పట్టుకునేలా చేయడం ఆ వృత్తిలో మొదటి పాఠం. రెండో చెయ్యి ఖాళీ. ఎక్టోప్లాజం అని నోట్లోంచి వచ్చే తెల్లటి పదార్థం చాలా కేసుల్లో చీజ్‌క్లాత్, అంటే జున్ను వడకట్టే పల్చటి గుడ్డ.

టేబుల్ కదలడం మాత్రం వేరే సంగతి. అక్కడ ఒక్కోసారి ఎవరూ మోసం చేయరు. 1853లోనే మైకేల్ ఫారడే దీన్ని పరీక్షించారు. చేతులకూ టేబుల్‌కూ మధ్య అట్టముక్కలు పొరలుగా పెట్టి, జారడానికి వీలుగా మెత్తటి జిగురుతో అంటించారు. టేబుల్ చేతుల్ని లాగిందా, చేతులే టేబుల్‌ని తోశాయా అన్నది అట్టలు జరిగిన తీరు చెప్పేస్తుంది. చేతులే ముందు కదిలాయి. కూర్చున్నవాళ్లు అబద్ధమాడలేదు, తాము తోస్తున్నట్టు వాళ్లకే తెలియదు. తర్వాత తోపును చూపించే ముల్లు ఒకటి అమర్చి వాళ్ల కళ్లముందు పెట్టారు. ముల్లు కనబడుతున్నంతసేపూ టేబుల్ కదల్లేదు. ఆత్మలు అక్షరాలు చూపిస్తాయంటూ వేళ్లు ఆనించే చిన్న పలక, అదే ప్లాంచెట్, కదలడానికీ కారణం ఇదే. ఇంజనీరింగ్ చదువుతున్నారు కాబట్టి, మీరే ఇలాంటిది ఒకటి తయారుచేసి చూడండి.

ఇప్పుడు అసలు విషయం, మాటలు. మీడియంకి వివరాలెక్కడివి? పేపర్లలో చనిపోయిన ఆఫీసర్ల జాబితాలు వచ్చేవి. స్మృత్యంజలి కాలమ్‌లలో తల్లిదండ్రులే కొడుకు ముద్దుపేరుతో సహా వేయించేవారు. ఇంటికి వస్తే హాల్లో ఫోటో ఉంటుంది, యూనిఫాం మీద బ్యాడ్జీ చూస్తే రెజిమెంట్ తెలుస్తుంది. పనివాళ్లతో పది నిమిషాలు మాట్లాడితే మిగతాదీ తెలుస్తుంది. ఇవేవీ దొరక్కపోయినా ఫరవాలేదు. నల్లబట్టలు వేసుకున్న నడివయసు స్త్రీ 1917లో ఎవరికోసం వచ్చి ఉంటుంది? యువకుడు. పేరు జె తోనో డబ్ల్యూ తోనో మొదలవుతుందంటే జాన్లూ, జేమ్స్‌లూ, విలియంలూ ఎక్కువగా ఉన్న దేశంలో తప్పిపోయే అవకాశం ఎంత? దెబ్బ ఛాతీ మీదో తలకో అంటారు. ఆమె ముఖం చూస్తూ ఒకదాన్ని వదిలేస్తారు.

ఆ తర్వాత ఒక వాక్యం వస్తుంది: "ఒక్క క్షణంలో అయిపోయిందమ్మా, నొప్పి తెలియలేదు అంటున్నాడు." నేను ఆ కాలపు ఉత్తరాలు చదివేటప్పుడు నన్ను పట్టి ఆపేసింది ఇదే. కంపెనీ కమాండర్లు చనిపోయిన సిపాయి ఇంటికి రాసే సానుభూతి ఉత్తరాల్లోనూ ఈ మాటే ఉంటుంది. క్షణంలో పోయాడు, బాధపడలేదు, తోటివాళ్లందరికీ వాడంటే ఇష్టం. ముళ్లతీగ మీద గంటల తరబడి వేలాడి పోయినవాడి గురించి కూడా అలాగే రాయక తప్పేది కాదు. అంటే తల్లి ఆ మాటను ఒకసారి కాగితం మీద చదివింది, మనసులో సగం అనుమానం ఉండిపోయింది. మీడియం అదే మాటను కొడుకు నోటితో చెప్పింది. అనుమానం పోయింది. మోసం ఎంత తేలికో చూడండి. కొత్త సంగతి ఒక్కటీ చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: ఆత్మల ఫోటోలు నిజంగా అమ్మేవారా? ఫోటోలో దొరికిన ఆధారంతో నా కథ ముడి విప్పాలనుకుంటున్నాను.
(డిటెక్టివ్ కథలు రాసే పాఠకుడు)

జవాబు: తీసేవారు, అమ్మేవారు. ఈ వ్యాపారం అమెరికాలో అంతర్యుద్ధం రోజుల్లోనే మొదలైంది. విలియం మమ్లర్ అనే బోస్టన్ ఫోటోగ్రాఫర్ మీద 1869లో న్యూయార్క్‌లో కేసు కూడా నడిచింది, అతను బయటపడ్డాడు. భర్తను పోగొట్టుకున్న మేరీ లింకన్ అతని దగ్గర ఫోటో తీయించుకుంది. ఆమె భుజాల మీద చేతులు వేసి వెనక లీలగా అబ్రహాం లింకన్ కనిపిస్తాడు.

మీ కథకు పనికొచ్చేది మాత్రం లండన్‌లో ఏడా ఎమ్మా డీన్ సంగతి. ఆమె ఒకప్పుడు ఇళ్లలో పాచిపని చేసేది. నవంబర్ 11న లండన్‌లోని సెనోటాఫ్ స్మారకం దగ్గర జనం రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. 1922 నుంచి ఆమె ఆ రెండు నిమిషాల్లో ఫోటో తీసేది. అప్పట్లో ఫిల్మ్‌కు బదులు వాడిన గాజు ప్లేటును కడిగితే టోపీలు తీసి నిలబడ్డ జనం పైన, దూదిలాంటి తెల్లటి మబ్బులో గుంపుగా యువకుల ముఖాలు. ఊహించుకోండి, కొడుకు ముఖం వెతుక్కుంటూ ఎంతమంది ఆ కాగితాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్లి ఉంటారో. 1924లో డెయిలీ స్కెచ్ పత్రిక ఆ ఫోటో వేసి, అందులో ముఖాలు ఎవరివో బయటపెట్టింది. ఫుట్‌బాల్ ఆటగాళ్లు, బాక్సర్లు. అందరూ బతికే ఉన్నారు.

ఆమె పద్ధతిలో ఒక షరతు ఉండేది. ఫోటో ప్లేట్లు ముందుగానే తనకిచ్చేయాలి, వాటికి "శక్తి" పట్టాలంటే కొన్నాళ్లు తన దగ్గరే ఉండాలి. మీ డిటెక్టివ్‌కి ఆ షరతు వినగానే చెవులు నిక్కపొడుచుకోవాలి. ముడి విప్పడానికి నిజంగా వాడిన ఉపాయం కూడా ఉంది. క్రూ పట్నానికి చెందిన విలియం హోప్ మీద 1922లో హ్యారీ ప్రైస్ అనే పరిశోధకుడు దాన్ని ప్రయోగించాడు. ప్లేట్ల కంపెనీ చేతనే ఎక్స్‌రేతో ప్లేట్ల మీద రహస్య గుర్తు వేయించాడు. పైకి ఏమీ కనబడదు, కడిగితే గుర్తు తేలుతుంది. హోప్ తిరిగిచ్చిన ఆత్మ ఫోటో ప్లేటు మీద ఆ గుర్తు లేదు. ప్లేటు మారిపోయిందన్నమాట. కథలో దీన్ని యథాతథంగా వాడకండి, చదివినవాళ్లు పట్టేస్తారు. దీని నుంచి ఇంకోటి పుట్టించండి.

ప్రశ్న: ఇన్‌స్పెక్టర్ మీడియంని అరెస్టు చేయాలంటే ఏ చట్టం కింద చేస్తాడు?

జవాబు: 1920లలో అయితే 1824 నాటి వేగ్రెన్సీ చట్టం. దేశదిమ్మరుల కోసం చేసిన చట్టమది, జోస్యం చెప్పేవాళ్లనూ అందులోనే కలిపారు. శిక్ష మూడు నెలల వరకూ జైలు. పోలీసుల తరఫున ఆడవాళ్లు మామూలుగా జోస్యం చెప్పించుకోవడానికి వచ్చినట్టు వెళ్లి సాక్ష్యం తెచ్చేవారు. మీ కథలో నల్లబట్టల్లో కూర్చున్న విధవ నిజానికి పోలీసుల మనిషి కావచ్చు.

ఇంకా పాతదైన 1735 నాటి మంత్రవిద్యల చట్టం కూడా అప్పటికి అమల్లోనే ఉంది. మంత్రశక్తి ఉన్నట్టు నటించడం దాని కింద నేరం. రెండో ప్రపంచ యుద్ధంలో హెలెన్ డంకన్ అనే మీడియంను ఆ చట్టం కిందే విచారించి 1944లో తొమ్మిది నెలలు జైల్లో పెట్టారు. 1941 నవంబర్ 25న బార్హమ్ అనే యుద్ధనౌక మునిగి 800 మందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం ఆ వార్తను జనవరి ఆఖరు దాకా తొక్కిపెట్టింది. ఈలోపు పోర్ట్స్‌మత్‌లో ఆమె కూటంలో ఆ నౌక నావికుడు ప్రత్యక్షమయ్యాడన్న మాట పాకింది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు అప్పటికే ఉత్తరాలు వెళ్లాయని, వందల ఇళ్లకు తెలిసిన రహస్యం నౌకాదళం ఊళ్లో మాటల్లో పడకుండా ఉండదని గుర్తుపెట్టుకుంటే అది అంత వింతగా అనిపించదు. ఆ రెండు చట్టాల్లోని ఈ భాగాల స్థానంలో 1951లో మోసం చేసే మీడియంల మీద కొత్త చట్టం వచ్చింది.

ప్రశ్న: దయ్యమే లేకుండా, ఆ యుద్ధం తర్వాతి దుఃఖంతో గోథిక్ కథ రాయొచ్చా? దయ్యాల కథలంటే నాకు నమ్మకం కుదరదు.
(రిటైరైన లెక్కల మాస్టారు)

జవాబు: తప్పకుండా రాయొచ్చు మాస్టారూ. ఫ్రాన్స్‌లో జరిగిన సంగతి చెబుతాను. 1918 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి వెనక్కి పంపిన ఖైదీల్లో ఒక సైనికుడు లియోన్ రైల్వే స్టేషన్‌లో దొరికాడు. తానెవరో తెలియదు. అడిగితే నోటివెంట వచ్చిన శబ్దాన్ని బట్టి ఆంతెల్మ్ మాంజాన్ అని రాసుకున్నారు. పిచ్చాసుపత్రిలో పెట్టారు. యుద్ధం అయ్యాక అతని ఫోటో పేపర్లలో వేస్తే ఎన్నో కుటుంబాలు మావాడే అని వచ్చాయి. తల్లులు, భార్యలు. ఎత్తు కలవదు, మచ్చ కలవదు, అయినా మావాడే అన్నారు. వాళ్లు అబద్ధాలకోర్లు కారు. చనిపోయినట్టు ఎవరూ చూడని మనిషి బతికి ఉండొచ్చు కదా అన్న ఆశ వాళ్లది.

1930లలో అతన్ని సాన్-మోర్ అనే ఊరికి తీసుకెళ్లి వదిలారు. స్టేషన్ నుంచి ఎవరూ దారి చెప్పకుండా నడిచి, చర్చి శిఖరం మారిందని గమనించి, నేరుగా మోంజువాన్ అనే ముసలాయన ఇంటికి వెళ్లాడు. శిఖరం నిజంగానే మారింది, అతను లేని రోజుల్లో పిడుగు పడింది. అయినా మిగతా కుటుంబాలు కోర్టులో పోరాడుతూనే ఉన్నాయి. అతను మోంజువాన్ కొడుకేనని తేలేసరికి ఆ తండ్రి లేడు. 1942లో అతను పారిస్ ఆసుపత్రిలోనే చనిపోయాడు. ఇందులో దయ్యం ఎక్కడుంది? చీకటి బంగళాకు బదులు పిచ్చాసుపత్రి వరండా ఉంది. అక్కడ అతని ముఖంలోకి తొంగిచూసే కుటుంబాలు ఉన్నాయి. మీలాంటి లెక్కల మనిషికి కావలసిన పద్ధతి కూడా ఉంది: ఎత్తు, మచ్చ, చేతిరాత, దారి గుర్తు.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి యాక్సిడెంట్‌లో పోయాడు. ఈమధ్య ఇలాంటి నవల ఒకటి చదివాను. చివర్లో మీడియం దొంగ అని తేల్చి, అందరి ముందూ ఆ తల్లిని వెర్రిదాన్ని చేసి, కథ అయిపోయిందన్నారు. పుస్తకం విసిరికొట్టాను. ఆ తల్లి కోరుకున్నది అంత తప్పా? నాకూ ఎవరైనా ఒక్క మాట వినిపిస్తే బావుండనిపిస్తుంది. నన్ను తిట్టినా ఫరవాలేదు.
(ఒక అమ్మ)

జవాబు: తిట్టడమేంటమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు కోరుకున్నదాంట్లో తప్పు లేదు. ఆ నవల ముగింపు మీద మీకొచ్చిన కోపం న్యాయమైనది, నాకూ అలాంటి ముగింపులంటే మంట.

జంగిల్ బుక్ రాసిన రడ్యార్డ్ కిప్లింగ్ గురించి మీకు చెప్పాలనిపించింది. ఆయన ఒక్కగానొక్క కొడుకు జాన్‌కి కళ్లు సరిగా కనబడవు, సైన్యం వద్దంది. తండ్రే పెద్దవాళ్లతో మాట్లాడి ఐరిష్ గార్డ్స్ అనే రెజిమెంట్‌లో చేర్పించారు. 1915 సెప్టెంబర్ 27న ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర జాన్ కనబడకుండా పోయాడు. వయసు 18. కిప్లింగ్ సొంత చెల్లెలికి ఆత్మలు చెప్పింది రాయడం అలవాటు, ఆ రంగంలో పేరున్న మనిషి. ఇంట్లోనే దారి ఉన్నా ఆయన అటు వెళ్లలేదు. మీడియంల దగ్గరికి వెళ్లొద్దని హెచ్చరిస్తూ కవిత రాశారు. ఆ కవితలో వెళ్లేవాళ్లను ఎగతాళి చేయలేదు. ఆ దారి చివర ఏముందో చెప్పారంతే. ఆయనా ఆయన భార్యా మాత్రం గాయపడి తిరిగొచ్చిన సిపాయిలను వెతికి పట్టుకుని, మావాడిని చివరిసారి ఎక్కడ చూశావు నాయనా అని ఏళ్ల తరబడి అడిగారు. యుద్ధ సమాధుల కమిషన్‌లో చేరి, గుర్తుపట్టలేని సైనికుల రాళ్ల మీద "దేవుడికి తెలిసినవాడు" అన్న మాట చెక్కించింది ఆయనే. 1936లో పోయేదాకా కొడుకు సమాధి ఎక్కడో ఆయనకు తెలియలేదు.

వినాలన్న కోరిక ఆయనకూ మీకూ ఒకటే. అది మిమ్మల్ని వెర్రివాళ్లను చేయదు. ఒక్క జాగ్రత్త మాత్రం అక్కలా చెబుతాను. ఎవరైనా మీ అబ్బాయి మాట వినిపిస్తానని వస్తే, ముందు డబ్బు మాట ఎప్పుడు వస్తుందో చూడండి, ఇంకోసారి రమ్మని ఎందుకంటున్నారో చూడండి. రెండోసారి వెళ్లకపోతే అబ్బాయి బాధపడతాడని భయపెడితే అక్కడే లేచి వచ్చేయండి. అబ్బాయి గురించి మాట్లాడాలనిపిస్తే అతన్ని నిజంగా ఎరిగినవాళ్లతో మాట్లాడండి. అతని స్నేహితులు మీకు తెలియని అబ్బాయిని ఎరిగి ఉంటారు. వాళ్లు మిమ్మల్ని బాధపెడతామేమో అని నోరు మూసుకుని ఉంటారు, మీరే అడగాలి. రాత్రుళ్లు నిద్ర పట్టక, తిండి సహించక రోజులు గడుస్తుంటే డాక్టర్‌కి చెప్పడానికి మొహమాటపడకండి. నాకు మళ్లీ రాయండి. పేపర్లో వేయొద్దంటే వేయను.

ప్రశ్న: మీడియం దొరికిపోయాక కథ ఎలా ముగించాలి? జైలుకు పంపితే చాలదనిపిస్తోంది.
(మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలే, వేరే ఉత్తరంలో)

జవాబు: చాలదు. పైన ఒక అమ్మ రాసిన ఉత్తరం చదివాక మీకే తెలుస్తుంది. మీ దొరసాని మొదటి రోజు చీకటి గదిలో అడిగిన ప్రశ్న ఏంటి? వాడెలా పోయాడు, ఇప్పుడెక్కడున్నాడు. మీడియం దొంగ అని తేలినా ఆ ప్రశ్న అలాగే ఉంది. మీ డిటెక్టివ్ దానికి జవాబు తేవాలి.

ఆ పని చేసే మనుషులు నిజంగానే ఉండేవారు. బ్రిటిష్ రెడ్‌క్రాస్ వాళ్లు గాయపడినవాళ్ల కోసం, కనబడనివాళ్ల కోసం ఒక విచారణ విభాగం నడిపారు. కనబడనివాళ్ల పేర్ల జాబితా పట్టుకుని వాలంటీర్లు ఆసుపత్రుల్లో మంచం మంచానికీ తిరిగేవారు. ఫలానా బెటాలియన్ వాడివా, ఫలానా రోజు అక్కడున్నావా, ఇతన్ని చూశావా? సిపాయి చెప్పింది రాసుకుని, ఇంకో సిపాయి చెప్పినదాంతో పోల్చి, కుటుంబానికి ఉత్తరం రాసేవారు. నవలా రచయిత ఈ.ఎం. ఫార్‌స్టర్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఈ పనే చేశారు. యాత్రికురాలు, రచయిత్రి గెర్ట్రూడ్ బెల్ ఫ్రాన్స్‌లోని బులోన్ ఆఫీసులో ఆ కాగితాలు సర్దారు. సాక్షులను విడివిడిగా అడగడం, మాటలు పోల్చడం, పొరపాటు ఎక్కడో పట్టుకోవడం. ఇంతకన్నా డిటెక్టివ్ పని ఇంకేముంటుంది?

మీ డిటెక్టివ్‌ను ఒకప్పుడు ఆ జాబితాలు పట్టుకుని తిరిగిన మనిషిని చేయండి. మీడియంని పట్టుకునే ఆధారాల కోసం తిరుగుతుండగా ఆ కొడుకుతో ఆఖరి రోజు ఉన్న సిపాయి దొరకాలి. దొరసానికి అతను చెప్పే నిజం మీడియం చెప్పినంత తియ్యగా ఉండకూడదు, క్షణంలో పోయాడని ఉండకూడదు. అయినా ఆమె కూర్చుని వింటుంది. వంటామెను మర్చిపోవద్దు. ఆమె కొడుకు గురించి కూడా ఆ సిపాయిని ఎవరో ఒకరు అడగాలి, ఆమె అడగడానికి జంకుతుంది కాబట్టి దొరసానే అడిగితే ఇంకా బావుంటుంది. ఆ అధ్యాయం రాశాక నాకు పంపండి, చదువుతాను.